క్రిస్టియన్ యూనివర్సిటీలో ఆన్‌లైన్ సైకాలజీ మాస్టర్స్: ఏ డిగ్రీతో లైసెన్సు వస్తుంది, దేనితో రాదు

సైకాలజీని ఆన్‌లైన్‌లోనూ దూరవిద్యలోనూ చెప్పడం ఆపేయాలని యూజీసీ 2025లో మన విశ్వవిద్యాలయాలకు చెప్పేసింది. ఇగ్నోలాంటి చోట ఇంటి నుంచే ఎంఏ సైకాలజీ చేద్దామనుకున్నవాళ్లు వేరే దారులు వెతుక్కోవాల్సి వచ్చింది. అమెరికాలో ఉన్న తెలుగువాళ్ల సంగతి ఇంకో రకం. పిల్లలు బడికి పోతున్నారు, చేతిలో బీఎస్సీనో బీటెక్కో ఉంది, కోడింగ్ మీద మనసు లేదు, మనుషులతో మాట్లాడే ఉద్యోగం కావాలి. ఇద్దరూ ఇంటర్నెట్‌లో వెతికితే కొన్ని పేర్లు పదేపదే ఎదురవుతాయి: వర్జీనియాలోని లిబర్టీ, రీజెంట్, అరిజోనాలోని గ్రాండ్ కాన్యన్. మూడూ క్రైస్తవ విశ్వవిద్యాలయాలే. మూడింటిలోనూ ఆన్‌లైన్ విద్యార్థులు పెద్ద సంఖ్యలో ఉంటారు.

అక్కడి నుంచి సందేహాలు మొదలు. క్రైస్తవులు కానివాళ్లను చేర్చుకుంటారా? చెప్పేది సైకాలజీయా, బైబిలా? ఆ డిగ్రీకి విలువ ఉంటుందా? చదివాక కౌన్సెలర్‌గా కూర్చోవచ్చా? ఇండియాకు తెస్తే చెల్లుతుందా? వీటిలో జనం మొదట అడిగేది మతం గురించే. కానీ ఎక్కువమంది దెబ్బతినేది మతం దగ్గర కాదు, డిగ్రీ రకం దగ్గర. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

ఎంఎస్ సైకాలజీ వేరు, కౌన్సెలింగ్ ఎంఏ వేరు

ఒకే యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో, ఒకే విభాగం కింద, రెండు డిగ్రీలు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి ఎంఎస్ ఇన్ సైకాలజీ. రెండోది ఎంఏ ఇన్ క్లినికల్ మెంటల్ హెల్త్ కౌన్సెలింగ్. పేర్లు వింటే అన్నదమ్ముల్లా ఉంటాయి గానీ దారులు వేరు.

ఎంఎస్ సైకాలజీ చదువు కోసం చదివే చదువు. పరిశోధన పద్ధతులు, గణాంకాలు, వ్యక్తిత్వ సిద్ధాంతాలు, అభ్యాసం, మెదడు, సామాజిక మనస్తత్వం ఇందులో ఉంటాయి. సాధారణంగా 30 నుంచి 36 క్రెడిట్లు. ఒక సబ్జెక్టు మూడు క్రెడిట్లనుకుంటే పది, పన్నెండు సబ్జెక్టులు. చాలా ఆన్‌లైన్ కోర్సుల్లో మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చేసే శిక్షణ ఏమీ ఉండదు. అందుకే త్వరగా అవుతుంది, చౌకగా అవుతుంది, పూర్తిగా ఇంట్లోనే అవుతుంది.

కౌన్సెలింగ్ ఎంఏ వృత్తి కోసం చదివే చదువు. 60 క్రెడిట్లు, అంటే ఇరవై సబ్జెక్టులు. కౌన్సెలింగ్ కోర్సులను పరిశీలించే కేక్రెప్ అనే సంస్థ గుర్తింపు ఉన్న కోర్సయితే కనీసం 100 గంటల ప్రాక్టికమ్ (పర్యవేక్షణలో చేసే తొలి శిక్షణ), ఆపైన 600 గంటల ఇంటర్న్‌షిప్ చేయాలి. ఆ 100లో 40 గంటలు, 600లో 240 గంటలు అచ్చంగా క్లయింట్లతోనే గడపాలి. మిగతా సమయం నోట్సు రాయడం, కేసులు చర్చించడం, పైవాళ్ల పర్యవేక్షణలో కూర్చోవడం.

సైకాలజీ మీద ఇష్టంతో వచ్చినవాళ్ల కళ్లు సహజంగానే మొదటి డిగ్రీ మీద పడతాయి. పేరులో సైకాలజీ ఉంది, తక్కువలో అవుతుంది. రెండేళ్లు కష్టపడి పట్టా చేతికొచ్చాక, కౌన్సెలర్ లైసెన్సు ఇచ్చే రాష్ట్ర బోర్డుకు దరఖాస్తు పెడితే అప్పుడు తెలుస్తుంది, ఇది లైసెన్సు డిగ్రీయే కాదని. యూనివర్సిటీ మోసం చేసిందా అంటే అదీ కాదు. ఈ డిగ్రీ లైసెన్సుకు దారితీయదని కోర్సు పేజీలో చిన్న అక్షరాల్లో ఎక్కడో రాసే ఉంటుంది.

మరి ఎంఎస్ సైకాలజీ ఎందుకు పనికొస్తుంది? పీహెచ్‌డీకి వెళ్లాలనుకునేవాళ్లకు, డిగ్రీలో సైకాలజీ చదవనివాళ్లకు అది మంచి మెట్టు. కమ్యూనిటీ కాలేజీలో పాఠం చెప్పాలంటే ఆ సబ్జెక్టులో కనీసం 18 గ్రాడ్యుయేట్ క్రెడిట్లు ఉండాలనేది అక్కడ చాలాచోట్ల పాటించే కొలత. దానికి ఈ డిగ్రీ సరిపోతుంది. హెచ్ఆర్, పరిశోధన సహాయకుల ఉద్యోగాలు, సాంఘిక సేవా సంస్థల్లో కేస్‌వర్కర్ పనులు, చర్చి పరిచర్య కూడా ఉన్నాయి. పనికిరాని డిగ్రీ కాదు. పనికొచ్చే చోటు వేరు, అంతే.

సైకాలజిస్ట్ అనే బోర్డు

అమెరికాలో సైకాలజిస్ట్ అని బోర్డు పెట్టుకోవాలంటే దాదాపు అన్ని రాష్ట్రాల్లో డాక్టరేట్ కావాలి. పీహెచ్‌డీ గానీ సైడీ (చికిత్స వృత్తి కోసం చేసే సైకాలజీ డాక్టరేట్) గానీ పూర్తిచేసి, ఇంటర్న్‌షిప్ చేసి, ఈపీపీపీ అనే పరీక్ష రాయాలి. ఆ పేరుకు చట్టం కాపలా ఉంది. మాస్టర్స్ పట్టుకుని వాడుకుంటే నేరమవుతుంది. టెక్సాస్‌లో లైసెన్స్‌డ్ సైకలాజికల్ అసోసియేట్, మిషిగన్‌లో లిమిటెడ్ లైసెన్స్ లాంటి మినహాయింపులు కొన్ని ఉన్నాయి. వాటికి కూడా క్లినికల్ శిక్షణ ఉన్న డిగ్రీయే కావాలి.

మాస్టర్స్‌తో ప్రాక్టీసు పెట్టుకునే మామూలు దారులు మూడు. కౌన్సెలర్ లైసెన్సు, కుటుంబ చికిత్సకుల లైసెన్సు, సోషల్ వర్క్ లైసెన్సు. మన అంశానికి ముఖ్యమైనది మొదటిది. టెక్సాస్‌లో దాన్ని ఎల్‌పీసీ అంటారు, కాలిఫోర్నియాలో ఎల్‌పీసీసీ. 2024 జనవరి 1 నుంచి వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ కూడా ఈ కౌన్సెలర్లకూ, కుటుంబ చికిత్సకులకూ నేరుగా డబ్బు చెల్లిస్తోంది. దాంతో ఈ లైసెన్సు విలువ పెరిగింది.

గుర్తింపు ఉందా అన్న ఒక్క ప్రశ్న చాలదు

అమెరికాలో గుర్తింపు అనే మాట కింద రెండు వేర్వేరు సంగతులున్నాయి. మొదటిది యూనివర్సిటీ మొత్తానికి వచ్చేది. లిబర్టీకీ రీజెంట్‌కీ దక్షిణాది రాష్ట్రాల సంస్థ సాక్స్‌కాక్ ఇచ్చింది. గ్రాండ్ కాన్యన్‌కు హయ్యర్ లెర్నింగ్ కమిషన్ ఇచ్చింది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు గుర్తింపు ఇచ్చేది కూడా ఈ సంస్థలే. క్రైస్తవ యూనివర్సిటీ కాబట్టి డిగ్రీ తక్కువరకం అనే మాటకు ఇక్కడ ఆధారం లేదు.

బైబిల్ కాలేజీలకు, మత విద్యాసంస్థలకు గుర్తింపు ఇచ్చే ట్రాక్స్, ఏబీహెచ్ఈ లాంటి సంస్థలు వేరే ఉన్నాయి. వాటికీ అమెరికా విద్యాశాఖ ఆమోదం ఉంది. సాక్స్‌కాక్ లాంటివి ఇచ్చేదాన్ని ప్రాంతీయ గుర్తింపు అని, ట్రాక్స్ లాంటివి ఇచ్చేదాన్ని జాతీయ గుర్తింపు అని అనేవారు; 2020లో విద్యాశాఖ ఆ రెండింటి మధ్య గీతను కాగితం మీద చెరిపేసింది. అయినా క్రెడిట్లు బదిలీ చేసుకునేటప్పుడు చాలా యూనివర్సిటీలు ఆ పాత గీతను ఇంకా చూస్తూనే ఉన్నాయి. ఏ గుర్తింపూ లేని సంస్థలు వీటన్నింటికీ ఆవల ఉంటాయి. కొన్ని మన ఊళ్లలో పాస్టర్లకు డాక్టరేట్లు కూడా పంచుతుంటాయి. వాటి గురించి ఇక్కడ మాట్లాడుకోనక్కర్లేదు.

రెండోది కోర్సుకు వచ్చే గుర్తింపు. అసలు చిక్కు ఇక్కడే. ఈ కోర్సుకు ఏపీఏ గుర్తింపు ఉందా అని చాలామంది అడుగుతారు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ ఇన్నాళ్లూ డాక్టరేట్ కోర్సులకే గుర్తింపు ఇస్తూ వచ్చింది. మాస్టర్స్ కోర్సుల్ని చూడటం ఈమధ్యే మొదలుపెట్టింది, అదీ రోగులతో పనిచేసే కోర్సులనే. కాబట్టి ఎంఎస్ సైకాలజీకి ఏపీఏ ముద్ర లేకపోవడం లోపమేమీ కాదు. కౌన్సెలింగ్ ఎంఏకు చూడాల్సింది కేక్రెప్. ఒహాయో లాంటి రాష్ట్రాల్లో కొత్తగా లైసెన్సు కోరేవాళ్లకు అది తప్పనిసరి. మాజీ సైనికుల ఆసుపత్రుల్లో కౌన్సెలర్ ఉద్యోగానికీ సాధారణంగా అదే అడుగుతారు. లిబర్టీ, రీజెంట్‌ల కౌన్సెలింగ్ ఎంఏలకు ఆ గుర్తింపు ఉంది.

టెక్సాస్‌లో ఒకావిడ లెక్క

ఫ్రిస్కోలో ఉండే ఒకావిడను ఊహించుకుందాం. ఆమె 36 క్రెడిట్ల ఎంఎస్ సైకాలజీ ఆన్‌లైన్‌లో చేసింది. ఎనిమిది వారాల టర్ములు, టర్ముకు రెండు సబ్జెక్టులు. ఆరు టర్ముల్లో, అంటే సుమారు ఏడాదిలో ముగిసింది. కౌన్సెలర్ లైసెన్సుకు టెక్సాస్ అడిగేవి 60 గ్రాడ్యుయేట్ క్రెడిట్లు, 300 గంటల ప్రాక్టికమ్, అందులో 100 గంటలు నేరుగా క్లయింట్లతో. ఆమె దగ్గర 24 క్రెడిట్లు తక్కువ. ప్రాక్టికమ్ సున్నా. క్రెడిట్లయితే ఎక్కడైనా కలుపుకోవచ్చు, కానీ తమ విద్యార్థి కానివాళ్లకు ప్రాక్టికమ్ ఒక్కటే విడిగా ఇచ్చే యూనివర్సిటీలు అరుదు. చివరికి రెండో మాస్టర్స్‌లో చేరాల్సి వస్తుంది. మొదటి డిగ్రీలోని కొన్ని సబ్జెక్టులు బదిలీ అయితే ఆమె అదృష్టం.

ఆమె పక్కింటావిడ అదే రోజున కౌన్సెలింగ్ ఎంఏలో చేరిందనుకుందాం. ఇరవై సబ్జెక్టులు, 700 గంటల శిక్షణ. ఇంటి పని చూసుకుంటూ చదివితే మూడేళ్లు. ఆపైన జాతీయ పరీక్ష, టెక్సాస్ చట్టాల మీద ఇంకో పరీక్ష. అప్పుడొచ్చేది అసోసియేట్ లైసెన్సు, అంటే ఒకరి పర్యవేక్షణలో పనిచేసే అనుమతి. పూర్తి లైసెన్సుకు ఇంకా 3,000 గంటలు పనిచేయాలి, అందులో 1,500 క్లయింట్లతోనే. వారానికి 30 గంటలు చేస్తే వంద వారాలు, అంటే దాదాపు రెండేళ్లు. పర్యవేక్షకుడికి ఫీజు చాలాసార్లు మనమే కట్టుకోవాలి. చేరిన రోజు నుంచి సొంత బోర్డు పెట్టుకునే రోజుకు మొత్తం ఐదేళ్లు.

ఏడాదికీ ఐదేళ్లకూ మధ్య ఉన్న ఈ తేడాను ఏ ప్రకటనా చెప్పదు. చెప్పే చోటు ఒకటుంది. వృత్తి లైసెన్సుకు సంబంధించిన కోర్సయితే అది ఏ రాష్ట్రంలో సరిపోతుందో బహిరంగంగా చెప్పాలని 2020 జూలై నుంచి అమెరికా ఫెడరల్ ప్రభుత్వ నిబంధన ఉంది. వెబ్‌సైట్ అడుగున, గోప్యతా విధానం పక్కన ఎక్కడో ఆ లింకు ఉంటుంది. తెరిస్తే రాష్ట్రాల వరస, ఒక్కోదాని ఎదుట రెండు జవాబుల్లో ఒకటి: సరిపోతుంది, సరిపోదు. హెచ్-1బీ ఉద్యోగాలతో డల్లాస్ నుంచి న్యూజెర్సీకి, న్యూజెర్సీ నుంచి సియాటిల్‌కు మారిపోయే కుటుంబాలకు ఆ రెండో జవాబు ఎంత ఇబ్బందో చెప్పనక్కర్లేదు.

ఆన్‌లైన్ అన్నా గడప దాటక తప్పదు

ఎంఎస్ సైకాలజీ నిజంగానే ల్యాప్‌టాప్ ముందు ముగుస్తుంది. సోమవారం పాఠం తెరుచుకుంటుంది, వారం మధ్యలో చర్చా పేజీలో మూడు నాలుగు వందల మాటల జవాబు రాయాలి, ఆదివారం రాత్రికి ఇద్దరు తోటి విద్యార్థులకు స్పందించాలి. చూసి మాట్లాడుకునే క్లాసు తక్కువ, రాత ఎక్కువ. ఇంగ్లిషులో వ్యాసం రాయడం అలవాటు లేని మన ఇంజినీర్లకు మొదటి రెండు నెలలు కష్టం సైకాలజీతో కంటే ఆ రాతతోనే.

కౌన్సెలింగ్ కోర్సు అలా కాదు. ప్రాక్టికమ్, ఇంటర్న్‌షిప్ మనం ఉన్న ఊళ్లోనే ఒక క్లినిక్‌లోనో ఆసుపత్రిలోనో చేయాలి. చోటు వెతుక్కునే భారం ఎక్కువగా విద్యార్థి మీదే పడుతుంది. కొన్ని కోర్సులకు క్యాంపస్‌కు వెళ్లి కొన్ని రోజులు కూర్చోవాలి కూడా. లిబర్టీ కౌన్సెలింగ్ ఎంఏ విద్యార్థులు ఇంటెన్సివ్‌లనే ఈ క్లాసుల కోసం క్యాంపస్ ఉన్న లించ్‌బర్గ్ వెళ్తారు.

ఇక్కడే వీసా అడ్డొస్తుంది. హెచ్-4 మీద, అంటే హెచ్-1బీ ఉద్యోగి జీవిత భాగస్వామి వీసా మీద ఉన్నవాళ్లు చదువుకోవడానికి ఏ అభ్యంతరం లేదు. కానీ ఎఫ్-1 వీసా విద్యార్థులకు ఉండే సీపీటీ, ఓపీటీ అనే పని అనుమతులు హెచ్-4కు ఉండవు. పని అనుమతి కార్డు (ఈఏడీ) లేకుండా జీతం వచ్చే ఇంటర్న్‌షిప్ చేయలేరు. జీతం లేనిదైతే ఎంతవరకు కుదురుతుందనేది ఇమిగ్రేషన్ లాయర్ తేల్చాల్సిన విషయం. డిగ్రీ అయ్యాక చేయాల్సిన ఆ 3,000 గంటలు మాత్రం ఉద్యోగమే. భర్తకో భార్యకో గ్రీన్‌కార్డు దారిలోని ఐ-140 దరఖాస్తు ఆమోదమై ఈఏడీ వచ్చేదాకా ఆ గంటలు మొదలుకావు. ఎఫ్-1 మీద ఇండియా నుంచి రావాలనుకునేవాళ్లకు ఇంకో అడ్డంకి. పూర్తిగా ఆన్‌లైన్ కోర్సుకు ఆ వీసాకు కావాల్సిన ఐ-20 పత్రం రాదు. టర్ముకు ఒక్క ఆన్‌లైన్ క్లాసు, అంటే మూడు క్రెడిట్ల వరకే లెక్కలోకి తీసుకుంటారు.

అన్ని క్రైస్తవ యూనివర్సిటీలు ఒకటి కాదు

మన దగ్గర మచిలీపట్నం నోబుల్ కాలేజీ 1843లో మొదలైంది. గుంటూరు ఏసీ కాలేజీ, విజయవాడ లయోలా ఎన్ని తరాల్ని చదివించాయో లెక్కలేదు. అక్కడ చదివినవాళ్లలో ఎక్కువమంది క్రైస్తవులు కారు. కాబట్టి క్రిస్టియన్ కాలేజీ అంటే క్రమశిక్షణ, మంచి ఇంగ్లిషు, గోడ మీద సిలువ అనే చిత్రమే తెలుగువాళ్ల మనసులో ఉంటుంది. అమెరికాలో ఫోర్డమ్, లయోలా లాంటి జెసూట్ (ఒక కాథలిక్ సన్యాస సంఘం) విశ్వవిద్యాలయాలు ఈ చిత్రానికి దగ్గరగా ఉంటాయి. అక్కడి సైకాలజీ విభాగం, పక్కనున్న ప్రభుత్వ యూనివర్సిటీ విభాగం లోపల్నుంచి చూస్తే పెద్దగా తేడా ఉండదు.

ఇవాంజెలికల్, అంటే బైబిల్‌ను గట్టిగా పట్టుకునే ప్రొటెస్టెంట్ విశ్వవిద్యాలయాల తీరు వేరు. జెర్రీ ఫాల్వెల్ 1971లో మొదలుపెట్టిన లిబర్టీ, పాట్ రాబర్ట్‌సన్ 1977లో స్థాపించిన రీజెంట్ ఈ కోవలోవి. ఇక్కడ విశ్వాసం గోడ మీద కాదు, సిలబస్‌లో ఉంటుంది. అధ్యాపకులు విశ్వాస ప్రకటనకు కట్టుబడి ఉండాలి. విద్యార్థులు క్రైస్తవులై ఉండాలని లిబర్టీ, గ్రాండ్ కాన్యన్ అడగవు. హిందువులు, ముస్లింలు, నాస్తికులు ఎవరైనా చేరొచ్చు. కానీ ప్రవర్తనా నియమావళి అందరికీ వర్తిస్తుంది. కాలిఫోర్నియాలోని బయోలా లాంటి చోట చేరేవాళ్ల నుంచే విశ్వాస సాక్ష్యం అడుగుతారు. కాథలిక్కుల్లో కూడా తేడాలున్నాయి. వర్జీనియాలోని డివైన్ మెర్సీ యూనివర్సిటీ కాథలిక్ దృష్టితో మనస్తత్వశాస్త్రం చెప్పడానికే పుట్టింది. అది ఆన్‌లైన్‌లో ఎంఎస్ సైకాలజీ కూడా నడుపుతోంది.

ఒకే మనిషి, నాలుగు జవాబులు

సిలబస్‌లో తరచూ కనిపించే మాట ఇంటిగ్రేషన్. విశ్వాసాన్నీ శాస్త్రాన్నీ కలిపి చూడటం అని అర్థం. కానీ ఎలా కలపాలన్న దాని మీద క్రైస్తవ మనస్తత్వవేత్తల్లోనే ఏకాభిప్రాయం లేదు. ఒక ఉదాహరణ తీసుకుంటే తేడా తెలుస్తుంది.

నలభై ఏళ్ల స్త్రీ. క్రైస్తవురాలు. నెలల తరబడి నిద్ర లేదు, ఆకలి లేదు. తల్లి చివరి రోజుల్లో దగ్గర లేనందుకు దేవుడు శిక్షిస్తున్నాడని నమ్ముతోంది. కౌన్సెలర్ దగ్గరికి వచ్చింది.

మొదటి వర్గం: శాస్త్రం వేరు, వేదాంతం వేరు. ఒకే మనిషిని రెండు వేర్వేరు మట్టాల్లో చూసేవి. మిషిగన్‌లోని హోప్ కాలేజీలో చాలాకాలం పాఠం చెప్పిన డేవిడ్ మైయర్స్ ఈ వాదనకు ప్రసిద్ధుడు. ఈ దృష్టిలో ఆమెకున్నది డిప్రెషన్, దానికి రుజువైన చికిత్స ఇవ్వాలి. దేవుడి గురించిన ప్రశ్న నిజమైనదే గానీ దాన్ని తేల్చడం మనస్తత్వశాస్త్రం పని కాదు.

రెండో వర్గం ఇంటిగ్రేషన్ వాదులది. ఈ విశ్వవిద్యాలయాల్లో బలం వీళ్లదే. పాసడీనాలోని ఫుల్లర్ సెమినరీ 1965లో సైకాలజీ స్కూలు పెట్టినప్పటి నుంచీ ఈ దారి సంస్థలుగా నిలదొక్కుకుంది. వీళ్లు ఆమె ఆలోచనలోని దోషాన్ని కాగ్నిటివ్ థెరపీతో పట్టుకుంటారు. ఆమె ఒప్పుకుంటే, క్షమాపణ గురించి ఆమె సొంత మతం చెప్పేదాన్నే చికిత్సలోకి తెస్తారు.

మూడో వర్గం బిబ్లికల్ కౌన్సెలింగ్. 1970 ప్రాంతంలో జే ఆడమ్స్ దీనికి ఊపు తెచ్చాడు. ఆత్మకు సంబంధించిన సమస్యలకు లేఖనమే చాలునని, లౌకిక మనస్తత్వశాస్త్రం మనిషిని తప్పుగా చూపిస్తుందని వాదించాడు. శరీర జబ్బుంటే డాక్టరు దగ్గరికి పంపుతారు. మిగతాది చర్చి పని. తర్వాతి తరం వాళ్లు ఆ కరకుదనాన్ని చాలా తగ్గించారు. ఈ దారిలో ఇచ్చే బిబ్లికల్ కౌన్సెలింగ్ డిగ్రీలు రాష్ట్ర లైసెన్సు కోసం తయారుచేసినవి కావు. క్రిస్టియన్ కౌన్సెలింగ్, పాస్టోరల్ కౌన్సెలింగ్, బిబ్లికల్ కౌన్సెలింగ్ మూడూ ఒకటేననుకుని చేరినవాళ్లు తర్వాత ఇబ్బంది పడేది అందుకే.

నాలుగో జవాబు కొంచెం వింతగా ఉంటుంది. కౌన్సెలర్ ముందు తన ఆధ్యాత్మిక జీవితాన్ని సరిదిద్దుకోవాలి, ఆ లోతు నుంచే ఎదుటి మనిషిని చూడగలడు అంటారు వీళ్లు. మన గురుపరంపరల్లో పెరిగినవాళ్లకు ఇది పెద్ద కొత్తగా తోచదు.

ఇదంతా మతస్తుల గొడవే, శాస్త్రానికి పట్టదు అనుకోవడానికీ లేదు. మతాన్ని భ్రమగా చూసిన ఫ్రాయిడ్ నీడ ఈ రంగం మీద చాలాకాలం ఉంది. 1980లో అలెన్ బెర్గిన్ అనే మనస్తత్వవేత్త చికిత్సలో మతవిలువలకు చోటుండాలని ఒక ప్రముఖ పత్రికలో వాదించాడు. ఇంకో మనస్తత్వవేత్త ఆల్బర్ట్ ఎల్లిస్ గట్టిగా ఎదురు వాదించాడు. 1994లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ మానసిక రుగ్మతలను వర్గీకరించే తన డీఎస్ఎం గ్రంథం నాలుగో కూర్పులో మత, ఆధ్యాత్మిక సమస్య అనే కోడు చేర్చింది. అది జబ్బుగా కాదు, పట్టించుకోవాల్సిన విషయంగా. డ్యూక్ యూనివర్సిటీలో హెరాల్డ్ కోనిగ్ బృందం మతాన్ని కలుపుకున్న కాగ్నిటివ్ థెరపీకి మార్గదర్శకాలు రాసింది. క్రైస్తవులకే కాదు, యూదులకు, ముస్లింలకు, బౌద్ధులకు, హిందువులకు కూడా వేర్వేరుగా రాశారు. దీర్ఘకాలిక జబ్బులున్న డిప్రెషన్ రోగుల మీద పరీక్షిస్తే మామూలు కాగ్నిటివ్ థెరపీకీ దానికీ మొత్తమ్మీద ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. దీన్ని ఎవరికి వాళ్లు తమవైపు తిప్పుకుని చదువుకోవచ్చు. మతం కలిపితే నష్టం లేదు అని ఒకరు, కలపకపోయినా నష్టం లేదు అని ఇంకొకరు.

విద్యార్థికి ఇది చేతికి తగిలేది అసైన్‌మెంట్లలో. అభ్యాస సిద్ధాంతాల సబ్జెక్టులో ప్రవర్తనావాది స్కిన్నర్ గురించి వ్యాసం రాయమంటారు. చివరి రెండు పేజీల్లో దాన్ని క్రైస్తవ ప్రపంచదృష్టితో పోల్చమంటారు. మార్కుల పట్టికలో దానికి ఒక గడి ఉంటుంది. నమ్మమని ఆ గడి అడగదు, అర్థం చేసుకుని రాయమంటుంది. హిందూ విద్యార్థి ఆ వాదనను న్యాయంగా వివరించి, తనకెక్కడ తేడా ఉందో మర్యాదగా చెప్తే చాలాచోట్ల సరిపోతుంది. అదే భారంగా అనిపించేవాళ్లు ఉంటారు, అది తప్పు కాదు. విశ్వాసి అయిన విద్యార్థికి మాత్రం ఆ రెండు పేజీలే ఆ యూనివర్సిటీని ఎంచుకోవడానికి కారణం కావచ్చు.

క్లయింట్ ముందు ఎవరి విలువలు?

లైసెన్సు వచ్చాక కౌన్సెలర్‌ను కట్టడి చేసేది యూనివర్సిటీ విశ్వాస ప్రకటన కాదు, వృత్తి నీతి నియమావళి. అమెరికన్ కౌన్సెలింగ్ అసోసియేషన్ 2014 నియమావళి ప్రకారం కౌన్సెలర్ తన విలువల్ని క్లయింట్ మీద రుద్దకూడదు. నా నమ్మకాలకు సరిపడడు అనే ఒక్క కారణంతో క్లయింట్‌ను వేరేవాళ్ల దగ్గరికి పంపకూడదు.

దీని మీద కోర్టుల దాకా వెళ్లారు. ఈస్టర్న్ మిషిగన్ యూనివర్సిటీలో జూలియా వార్డ్ అనే విద్యార్థిని స్వలింగ సంబంధాన్ని సమర్థిస్తూ కౌన్సెలింగ్ చేయలేనని క్లయింట్‌ను వేరేవాళ్లకు అప్పగించాలంది. ఆమెను కోర్సు నుంచి తీసేశారు. 2012లో అప్పీలు కోర్టు ఆమె కేసు విచారణకు అర్హమైనదేనంది. తర్వాత రాజీ కుదిరింది. జార్జియాలో దాదాపు ఇలాంటి కీటన్ కేసులో 2011లో ఇంకో అప్పీలు కోర్టు యూనివర్సిటీ పక్షాన నిలిచింది. టెనెసీ రాష్ట్రం 2016లో చట్టం చేసి, గట్టి నమ్మకాలకు విరుద్ధమైతే ప్రైవేటు కౌన్సెలర్ క్లయింట్‌ను వేరేవాళ్లకు పంపొచ్చంది. మైనర్లకు కన్వర్షన్ థెరపీ (లైంగిక ఆసక్తిని మార్చాలని చేసేది) చేయకూడదన్న కొలరాడో చట్టాన్ని ఒక క్రైస్తవ కౌన్సెలర్ సవాలు చేసిన చైల్స్ కేసు సుప్రీంకోర్టుకు చేరింది. 2025 అక్టోబరులో వాదనలు విన్నారు.

ఒకవైపు వాదన: సాయం కోసం వచ్చిన బలహీన స్థితిలోని మనిషిని నమ్మకం పేరుతో తిప్పి పంపితే వృత్తికే అర్థం ఉండదు. ఇంకోవైపు: నిజాయితీగా చేయలేనివాడి కంటే చేయగలిగినవాడి దగ్గరికి పంపడమే క్లయింట్‌కు మేలు, పైగా మాట్లాడటమే చికిత్స అయినప్పుడు మాటను ప్రభుత్వం ఎలా అదుపు చేస్తుంది? రెండు వాదనలూ తేలిగ్గా తీసిపారేసేవి కావు. కేక్రెప్ గుర్తింపు ఉన్న క్రైస్తవ యూనివర్సిటీల్లో కూడా ఈ నియమావళి పాఠంగా ఉంటుంది.

డబ్బు లెక్క

క్రెడిట్‌కు 600 డాలర్లనుకుందాం. ఇది ఏ ఒక్క యూనివర్సిటీ ధరా కాదు, లెక్క కోసం తీసుకున్న అంకె. 36 క్రెడిట్లకు 21,600. 60 క్రెడిట్లకు 36,000. దీనికి టెక్నాలజీ ఫీజు, పుస్తకాలు, ఇంటెన్సివ్‌ల ప్రయాణం, ఇంటర్న్‌షిప్ బీమా, పరీక్ష ఫీజులు చేరతాయి. ఫెడరల్ రుణం పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు, ఇంకా కొద్దిమందికి మాత్రమే. 2025లో వచ్చిన చట్టం ప్రకారం 2026 జూలై 1 నుంచి కొత్తగా చేరేవాళ్లకు గ్రాడ్ ప్లస్ అనే అదనపు ఫెడరల్ రుణం ఉండదు. మామూలు మాస్టర్స్‌కు ఏడాదికి 20,500 డాలర్లే గరిష్ఠం. హెచ్-4 వాళ్లకు అదీ లేదు, సొంత డబ్బే.

ఇండియాకు తెస్తే

2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం పరిధిలోకి సైకాలజీ కూడా వచ్చింది. రోగితో నేరుగా పనిచేసే వృత్తిని తెర మీద నేర్పలేమన్నది యూజీసీ 2025 నిర్ణయం వెనుక ఉన్న తర్కం. ఆన్‌లైన్ ఎంఏ సైకాలజీ చదివినవాళ్లలో చాలామంది చికిత్సకు కాక ఉపాధ్యాయ వృత్తికో హెచ్ఆర్‌కో వెళ్తారు, వాళ్లేం చేయాలన్నది దాని మీద వచ్చే విమర్శ. పెళ్లయ్యాక చదువు మళ్లీ మొదలుపెట్టిన ఆడవాళ్లకు, ఊళ్లో కాలేజీ లేనివాళ్లకు అదొక్కటే తలుపు. విమర్శలో బలముంది.

విదేశీ డిగ్రీలకు సమానార్హత ఇవ్వడానికి యూజీసీ అదే 2025లో కొత్త నిబంధనలు తెచ్చింది. అవి చూసేది తరగతిలో హాజరై చదివిన చదువునే. ఆన్‌లైన్, దూరవిద్య డిగ్రీలకు ఆ దారి లేదు. అంటే హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా యూనివర్సిటీలో ఆన్‌లైన్ ఎంఎస్ చేస్తే ఇక్కడ ప్రభుత్వ ఉద్యోగానికి, లెక్చరర్ పోస్టుకు, పీహెచ్‌డీ ప్రవేశానికి దాన్ని చూపించడం కష్టం. ఆ యూనివర్సిటీ క్రైస్తవమా, ప్రభుత్వ విశ్వవిద్యాలయమా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. క్లినికల్ సైకాలజిస్టుగా రిజిస్టర్ కావాలంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన కోర్సు చేయాలి. దానికి ఆసుపత్రిలో రోగుల మధ్య శిక్షణ తప్పదు.

క్రైస్తవ సంస్థలోనే చదవాలనే కోరిక ఉన్నవాళ్లకు దేశంలో దారి మూసుకుపోలేదు. కార్మలైట్ ఫాదర్లు నడిపే బెంగళూరు క్రైస్ట్ యూనివర్సిటీలో సైకాలజీ పీజీ ఉంది, క్యాంపస్‌కు వెళ్లి చదవాలి. సర్టిఫికెట్ మీద సమానార్హత ముద్ర అడగని బహుళజాతి కంపెనీ హెచ్ఆర్‌లో ఉన్నవాళ్లు, జీతం మానుకోకుండా సబ్జెక్టు నేర్చుకోవాలనుకునేవాళ్లు, చర్చిలో కౌన్సెలింగ్ పరిచర్య చేసే పాస్టర్లు, వీళ్లకు ఇండియా నుంచి చేసే అమెరికా ఆన్‌లైన్ ఎంఎస్ ఇప్పటికీ పనికొస్తుంది. క్లినిక్ తెరవాలనుకునేవాళ్లకు మాత్రం కాదు.